చీకటి మండపంలో గురువు పేరు

మా రాజుగారి ఏలుబడిలో విద్యాపీఠంలో చేరాలంటే ముందు చీకటి మండపంలోకి వెళ్లాలి. చదువు కాక ఇంకేం వచ్చో, ఎవరు నేర్పారో అక్కడ పైకి చెప్పాలి. చెప్పింది చేసి చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, పీఠంలో చేరినట్టే. నేర్పిన గురువును కూడా మండపం లోపలికి పిలుచుకుంటుంది. నిరుడు రాని వేణువు వచ్చని చెప్పిన పిల్ల ఇంకా లోపలే ఉంది. తలుపుకు చెవి ఆనిస్తే ఊదుతున్న గాలి వినిపిస్తుంది, పాట వినిపించదు.

ఈసారి మా ఊరి సింగారి వంతు. తోడుగా నేనూ మండపం తలుపు దాకా వెళ్లాను.

“వీణ వచ్చని చెప్పు. గుర్రపుస్వారీ కూడా వచ్చని చెప్పు,” అన్నారు మా సీమ నుంచి పిల్లలను పంపే పేష్కారు నరసరాజు గారు. “ఏమీ రాని పిల్లను పంపితే నా పరువేం కాను? చెప్పనంటే నీ పత్రం మీద ముద్ర వెయ్యను, ఇంటికి పో.”

సింగారి తల ఊపింది.

“అలాగే బాబుగారూ. గురువెవరంటే మీ పేరు చెబుతాను.”

“నా పేరెందుకే?”

“నాకీ విద్యలున్నాయన్నది మీరొక్కరే కదండీ. మా అమ్మకు కూడా తెలీదు.”

తలుపు వెనక గాలి ఆగింది, ఎవరో వింటున్నట్టు. పేష్కారు గారి ముఖం పాలిపోయింది.

“వద్దు తల్లీ, ఉన్నదే చెప్పు,” అని గబగబా ముద్ర వేశారు.

సింగారి లోపలికి వెళ్లింది.

“మా గుడ్డితాతను చెయ్యి పట్టుకుని ఏరు దాటించేదాన్ని. ఎలా పట్టుకోవాలో ఆయనే నేర్పాడు. పోయిన ఏడు చనిపోయాడు,” అంది.

తలుపు మూసుకుంది. కాసేపటికి తెరుచుకుంది. సింగారి ఒక చెయ్యి వెనక్కి చాపి మెల్లగా వస్తోంది.

“ఇక్కడ మెట్టుంది, జాగ్రత్త తాతా,” అంటోంది.

వెనక ఎవరూ లేరు. రాతి మీద మాత్రం రెండు జతల తడి అడుగులు పడుతున్నాయి.

పేష్కారు గారు తలపాగా తీసి చంకలో పెట్టుకుని, పక్కకు తప్పుకుని దారిచ్చారు.