కనకరత్నం చించిన చీటీ

ఆదిశేషయ్య మాస్టారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. ఉద్యోగాలు చేసుకుంటూ చదివే పెద్దవాళ్లకు ఆయన ఊళ్లో ఒక కాలేజీలో ఆదివారాలు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెప్పేవారు.

వాళ్లలో కనకరత్నం ఒకతె. పన్నెండేళ్లుగా ఆసుపత్రిలో ఆయా. రెండేళ్ల కోర్సులో ఇంకా సగం మిగిలి ఉండగానే, తనతోపాటు అదే వార్డు తుడిచిన సుగుణ ఇంకో కాలేజీలో చేరి ఆర్నెల్లకే సర్టిఫికెట్ తెచ్చేసుకుంది. తెల్లకోటు వేసుకుని ఫొటో దిగింది, వార్డంతా మైసూరుపాకు పంచింది. కనకరత్నం ఆ ముక్క నోట్లో వేసుకుంది గాని మింగుడు పడలేదు. అసూయ అంటే ఇంతే. ఎదుటివాళ్ల తీపి మన గొంతులో అడ్డం పడుతుంది. పైగా ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఖాళీ అయింది, అదీ ఒక్కటే.

ఆ ఆదివారం ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, గుర్తింపు పొందిన కాలేజీ అని వాళ్ల సర్టిఫికెట్ మీదా ఉంది, మన దాని మీదా ఉంటుంది. మరి నేనెందుకు ఇంకో ఏడాది ఇక్కడ అరిగిపోవాలి?"

ఆ గుర్తింపుల సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఈ కాలేజీకి ఐదేళ్లకోసారి ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, క్లాసులో వెనకాల కూర్చుని, పాసైనవాళ్ల కంటే ముందు తప్పినవాళ్ల జాబితా అడిగేవారు. సుగుణ కాలేజీకి గుర్తింపు ఇచ్చిన మండలి మాత్రం ఆ కాలేజీ యజమాని బావమరిది మేడ మీద ఒక గది, గదికో బోర్డు. మాస్టారు ఇవేవీ ఎత్తలేదు. ల్యాబు ఉద్యోగానికి ఎవరు పనికొస్తారో చూడమని ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు తనకే అప్పగించారని చెప్పి, చిన్న సీసాలో రక్తం ఇచ్చారు. ఇదే రక్తం సుగుణకూ పంపానని, హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి రేపు మధ్యాహ్నానికి చీటీ మీద రాసి పంపమని ఇద్దరికీ ఒకటే మాట చెప్పానని అన్నారు.

సోమవారం పొద్దున ఆసుపత్రి ల్యాబులో ఇద్దరికీ చెరో బల్ల ఇచ్చారు. కనకరత్నం మాస్టారు నేర్పినట్టే చుక్క చుక్కగా నీళ్లు కలిపి, పక్కనున్న నమూనా గాజు రంగుతో కలిసేదాకా కళ్లు చికిలించి చూసి, చీటీ మీద తొమ్మిది పాయింట్ నాలుగు అని రాసింది. అనుమానం తీరక మళ్లీ చేసింది. మళ్లీ అంతే వచ్చింది. అప్పుడు తల తిప్పింది. పక్క బల్ల మీద సుగుణ చీటీ, దాని మీద గుండ్రటి అక్షరాల్లో పన్నెండు పాయింట్ ఎనిమిది. సుగుణ ఇస్త్రీ కోటు జేబులో చేతులు పెట్టుకుని, ఎప్పుడో పని అయిపోయినట్టు కిటికీలోంచి చూస్తోంది. దానికి సర్టిఫికెట్ ఉంది, నాకు లేదు, తప్పు నాదే అయి ఉంటుంది అనుకుంది కనకరత్నం. తన చీటీ రెండుగా చించి రవికెలో దోపుకుంది. కాపీ కొట్టినట్టు ఉండకూడదని కొత్త చీటీ మీద పన్నెండు పాయింట్ ఆరు అని రాసింది.

మధ్యాహ్నం మాస్టారు కనకరత్నాన్ని పిలిచి, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూపించారు.

"ఆ రక్తం నాదేనమ్మా. ఏడాదిగా మందులు మింగుతున్నా తొమ్మిదిన్నర దాటట్లేదు."

కనకరత్నం రవికెలోంచి చిరిగిన ముక్కలు తీసి, బల్ల మీద అతికినట్టు పేర్చింది. తనకు రెండుసార్లూ ఇదే వచ్చిందని, సుగుణ చీటీ చూశాకే చించేశానని ఏడుస్తూ చెప్పింది. మాస్టారు ఆ ముక్కలు శ్రద్ధగా చదివారు. తర్వాత చిరగని చీటీలు రెండూ కవరులో పెట్టి, పైన డాక్టరుగారి పేరు రాశారు. చిరిగినవి ఆమె చేతిలోనే తిరిగి పెట్టారు.

"వాళ్ల కాలేజీకి గుర్తింపు బావమరిది ఇచ్చాడు," అన్నారు. "నీ చీటీకి సుగుణ ఇచ్చింది."