నాలుక మీద వాత

ఒకానొక రాజ్యంలో, కుంభపురం అనుకోండి, ఉద్దండరాయలనే రాజు ఉండేవాడు. ఆయన బిరుదులన్నీ చదివేసరికి వందిమాగధులకు ఊపిరాడేది కాదు, వడ్డించిన అన్నం చల్లారిపోయేది. అయినా ఒక్క బిరుదు వదిలితే ఒప్పుకునేవాడు కాదు మహానుభావుడు.

ఆయనకు ఒక్కగానొక్క కొడుకు కోనరాజు. ఆరేళ్లవాడు. తల్లి పురిట్లోనే పోయింది. బంగారంలాంటి పిల్లవాడే గాని, నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. పెదవులు వణికేవి, కళ్లనిండా నీళ్లు తిరిగేవి, చివరికి నోరు మూసేసుకునేవాడు.

దసరా కొలువులో సామంతులందరి ఎదుటా తండ్రి బిరుదులు చదవమని ఆ పసివాణ్ణి నిలబెట్టారు.

"శ... శ... శ..." అన్నాడు.

"ఊఁ, కానీ!" అని ఉరిమాడు రాజు.

ఇక రాలేదు. ఎవడో సామంతుడు కిసుక్కున నవ్వాడు. రాజు అక్కడికక్కడే వాడి పళ్లు రాలగొట్టించాడు. ఆనాటినుంచి కోటలో ఎవరూ పిల్లవాణ్ణి చూసి నవ్వలేదు. వాడితో మాట్లాడనూ లేదు. ఎందుకొచ్చిన గొడవ అని దాదులు సైతం నాలుగు ముద్దలు నోట్లో పెట్టి తప్పుకునేవారు.

ఒకనాటి ఉదయం కొలువులో రాజవైద్యుడు నాగదేవభట్టు శాలువా సవరించుకుంటూ లేచాడు. "నాలుక మొదట్లో దోషం గూడు కట్టుకుంది ప్రభూ. బంగారు కడ్డీ ఎర్రగా కాల్చి వాత పెడితే వదిలిపోతుంది."

"రేపు సూర్యోదయానికి కానివ్వండి," అన్నాడు రాజు, కొడుకు వైపైనా చూడకుండా.

ఆ మాటకు ఆస్థానంలో హాస్యగాడు దోనయ్య గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే దోనయ్య అన్నకీ నత్తే ఉండేది. చిన్నప్పుడు ఊళ్లో వైద్యుడొకడు ఇలాగే వాత పెట్టాడు. నత్తి పోయింది, అబద్ధమెందుకూ? దానితోపాటు మాటా పోయింది. పాపం, ఆ అన్న బతికినన్నాళ్లూ గంజి తప్ప మింగి ఎరగడు. అన్న వంతు మాటలు కూడా తనే మాట్లాడి మాట్లాడి దోనయ్య వసపిట్టలా తయారయ్యాడు. ఆ వాగుడే ఇప్పుడు కూడు పెడుతోంది.

వద్దు ప్రభూ అంటే తల పోతుంది. పోతే పోయింది, తల పోయినా ఆ వాత ఆగదు కదా! దోనయ్యను కోసేస్తున్నది అదే. అయితే అతనికి ఒక సంగతి తెలుసు. కొలువులో పని తప్పించుకోవడానికి మధ్యాహ్నాలు ఏనుగుల సాలలో గడ్డివాము వెనక నడుం వాల్చేవాడు. అక్కడ అతని చెవిన పడిన సంగతి అది.

దోనయ్య చేతులు జోడించాడు. "వైద్యశిఖామణీ, నాదో వెర్రి సందేహం. కాలు విరిగితే చేతికి కట్టు కడతారా?"

"మూర్ఖుడా! వ్యాధి ఎక్కడుంటే వైద్యం అక్కడే!"

"వాతైనా అంతేనా?"

"వాతైనా అంతే. ఆరోగ్యంగా ఉన్నచోట నిప్పు పెట్టేవాడు వైద్యుడు కాడు, హంతకుడు."

"బాగా సెలవిచ్చారు. మరి తీరా సమయానికి, అయ్యో రాచబిడ్డ కదా అని మీ చెయ్యి వణికితే?"

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. "ఎందుకు వణుకుతుంది? రాజైనా, రాజు కొడుకైనా, వ్యాధి ఎక్కడుంటే అక్కడ వాత పడవలసిందే! ఇది ఉద్దండరాయల ఆజ్ఞ!"

"అయితే ప్రభూ, ఆ వ్యాధి ఎక్కడుందో ఒక్కసారి తమ కళ్లతో చూసుకోండి. ఈ మధ్యాహ్నం ఏనుగుల సాలకు దయచేయండి. భట్టుగారు కూడా. చప్పుడు చెయ్యకుండా, బిరుదులు చదివించకుండా రావాలి."

"బిరుదులు లేకుండానా!" అని రాజు కాసేపు గింజుకున్నాడు గాని, చివరికి సరేనన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ గడ్డివాము వెనక నక్కారు. కాసేపటికి పిల్లవాడు వచ్చాడు. భద్ర అనే ముసలి ఏనుగుకు బెల్లంముక్క పెట్టి, దాని కాలిని ఆనుకుని కూర్చున్నాడు.

"భద్రా, రేపు పొద్దున నా నాలుక కాలుస్తారట. నిన్ను అంకుశంతో పొడిస్తే పుడుతుందే నొప్పి, అంత పుడుతుందేమో. తరవాత నేను నిన్ను పిలవలేనేమో. పిలవలేదని కోపం తెచ్చుకోకు. నువ్వే వచ్చెయ్యి. నేనైతే ఏడవను. ఏడిస్తే నాన్నగారికి చిన్నతనం."

ఒక్క మాట తడబడలేదు. ఒక్క అక్షరం తెగలేదు.

రాజు ఆగలేక ఒక్క ఉదుటున బయటికి వచ్చాడు. "ఏదీ! ఇప్పుడన్నదే మళ్లీ అను!"

పిల్లవాడు అదిరిపడి లేచాడు. "నే... నే... నే..."

"త్వరగా! నోరు సరిగ్గా తెరువు!"

"నే..." అని, ఏనుగు కాలిని వాటేసుకుని బిగుసుకుపోయాడు.

"దొరికింది ప్రభూ, దొరికింది!" అని అరిచాడు దోనయ్య. "భట్టుగారూ, కడ్డీ కాల్చండి!"

"నాలుకే అని నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు వైద్యుడు సంబరంగా.

"నాలుక కాదండీ. పిల్లవాడు వాడే, నోరు అదే, నాలుక అదే. ఏనుగు విన్నంతసేపూ మాట నిక్షేపంగా ఉంది. ప్రభువులు వినడానికి రాగానే విరిగింది. మారింది చెవి ఒక్కటే. అంటే వ్యాధి ఏలినవారి చెవిలో ఉంది. రాజైనా, రాజు కొడుకైనా అని ఆజ్ఞ కూడా అయింది. చెప్పండి, కుడి చెవితో మొదలుపెడతారా, ఎడమ చెవితోనా?"

వైద్యుడు మెల్లగా గడ్డివాము వైపు జరిగాడు. రాజు ముఖం కందగడ్డ అయింది. కత్తి సగం దూశాడు. దోనయ్య తల వంచి నిలబడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చావంటే భయం లేనివాడెవడు లెండి?

అప్పుడు పిల్లవాడు నోరు తెరిచాడు.

"నా... నా... నాన్నగారి చె... చెవి..."

అక్కడ ఎవరికీ ఊపిరి తీసే ధైర్యం లేదు. రాజుకు కోపంతో నోరు రావడం లేదు. కాబట్టి వాడికి ఎవరూ అడ్డు రాలేదు.

"చెవి కా... కాల్చొద్దు. నా... నా... నాలుకే కా... కాల్చండి."

రాజు చెయ్యి కత్తి మీదనుంచి జారిపోయింది. తన ఎదుట కొడుకు అన్న మాట మొదలునుంచి చివరిదాకా ఆయన విన్నది అదే మొదటిసారి.

పెద్దగా నవ్వాడు రాజు. వినడానికి బాగున్న నవ్వు కాదది. నవ్వుతుంటేనే కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. "ఒరే దోనయ్యా, పెట్టావు కదరా నా చెవికి వాత!" అంటూ చెవులకున్న ముత్యాల కుండలాలు తీసి అతని చేతిలో పెట్టాడు. వైద్యుడి వంక చూసి, "మీరు వెళ్లండి. ఆ కడ్డీ మళ్లీ నా కంటపడకూడదు," అన్నాడు.

"నత్తి పోతుందని నేను చెప్పలేను ప్రభూ," అన్నాడు దోనయ్య మెల్లగా. "పోవచ్చు, పోకపోనూ వచ్చు."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, ఆ గడ్డిలోనే కొడుకు ఎదుట చతికిలబడ్డాడు.

"నాయనా, నీకు ఈ ఏనుగుతో ఎలా స్నేహమైంది? నాకు చెప్పవూ?"

పిల్లవాడు తండ్రి ముఖంలోకి అనుమానంగా చూశాడు. "భ... భ... భ..."

కొలువుకు వేళయింది, సామంతులు కాచుకుని ఉన్నారని కబురు వచ్చింది. రాజు తల తిప్పకుండానే, "ఉండమను," అన్నాడు. పిల్లవాడు ఇంకా మొదటి అక్షరం దగ్గరే ఉన్నాడు.