పోలమ్మ బొంతలకు బోణీ

ఆ కాలంలో రాజులకు కరువు లేదు కాబట్టి, ఒక రాజు ఉండేవాడనుకోండి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఆవులించేవాడు, నడిపివాడు ఆవులించేవాడు, మూడోవాడూ ఆవులించేవాడు. నవ్వకండి పిల్లలూ. ఏడు సముద్రాల అవతల ఉండే జాగరాక్షుడనే మాంత్రికుడు ఆ రాజ్యంలో నిద్రంతా మంత్రంతో లాగేసుకున్నాడు. ఉయ్యాల్లో పసిబిడ్డ కళ్ళు మూయదు, కొట్టంలో ఏనుగు కళ్ళు మూయదు, కోట కాపలావాడు కళ్ళు మూయడు. కాపలావాడు మూయకపోవడం మంచిదేగా అంటారేమో, వాడి మొహం చూస్తే అనరు.

మూడో రాకుమారుడి పేరు రణధీరుడు. పేరు విని భయపడకండి, యుద్ధమంటే వాడికి మహా బద్ధకం. వాడికి పోలమ్మ అని ఒక స్నేహితురాలు ఉండేది. చిన్నప్పుడు కోట వెనక తోపులో ఇద్దరూ కలిసి కాయలు దొంగిలించేవాళ్ళు. పోలమ్మ అంగడివీధిలో బొంతలు కుట్టి అమ్ముకునేది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె గుడ్డ పైకి వేసి, దారం ముడులన్నీ లోపలికి తోసి కుట్టేది. ఎటు దొర్లినా ఒక్క ముడి గుచ్చుకోదు. కానీ నిద్రే లేని ఊళ్ళో బొంత ఎవరికి కావాలి?

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. నూరు రోజులు బోణీ కాకపోతే ఆ కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పోలమ్మకు బోణీ లేక అప్పటికే డెబ్బై రోజులైంది. కొట్టు పోతే కోట వంటింట్లో గిన్నెలు తోముకోవాలి.

"నేనే ఒకటి కొనేవాణ్ణి పోలమ్మా. పట్టాభిషేకం అయ్యేదాకా మా చేతికి చిల్లిగవ్వ ఇవ్వరు" అన్నాడు రణధీరుడు.

"నువ్వు కొంటే ఒక్క పూట గడుస్తుంది. నాకు కావలసింది నీ డబ్బు కాదయ్యా, మనుషులు" అంది పోలమ్మ, మండే కళ్ళు నులుముకుంటూ.

సరే, మనుషుల్నే తెస్తానన్నాడు. మొదట వీధి మధ్య నిలబడి, "బొంతలమ్మా, మెత్తటి బొంతలు!" అని గొంతు పోయేలా అరిచాడు. నిద్ర లేనివాళ్ళను ఎగతాళి చేస్తావా అని జనం తిట్టిపోశారు. తర్వాత, కొట్టు కళకళలాడుతూ కనిపించాలని తానే వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు. రాజుగారబ్బాయి కూర్చున్నాడంటే కొత్త పన్నేదో వేస్తారని జనం పక్కవీధిలోంచి పోయారు. మిగిలింది ఒక్కటే దారి.

"నిద్రనే వెనక్కి తెస్తాను" అన్నాడు.

పోలమ్మ ఒక బొంత మడిచి వాడి భుజాన వేసింది. "కొనమని ఎవరినీ బతిమాలకు. ఎవరు కుట్టారని అడిగితే చెప్పు, చాలు."

మూడు సముద్రాలు తాబేలు దాటించింది. "నీ ఎముకలు గుచ్చుకుంటున్నాయి నాయనా, కింద ఏదైనా వేసుకో" అంటే బొంత పరిచాడు. "హమ్మయ్య! ఎవరు కుట్టారిది?" అంది తాబేలు. "పోలమ్మ. అంగడివీధి, చింతపండు కొట్టు పక్కన" అన్నాడు.

మరో మూడు సముద్రాలు తిమింగలం దాటించింది. బొంత దాని కంటిరెప్పకైనా చాలలేదు. అయినా ఎవరు కుట్టారని అడిగింది. "పోలమ్మ. అంగడివీధి, చింతపండు కొట్టు పక్కన" అన్నాడు నీరసంగా.

ఏడో సముద్రం కొంగ దాటించింది. ఎలా మోసిందని అడక్కండి, మోసింది. చలికి కొయ్యబారిన దాని కాళ్ళకు బొంత చుట్టాడు. అదీ అడిగింది, వాడూ చెప్పాడు. అప్పుడు కొంగ అంది: "ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. దాన్నెవరైనా ఎత్తుకుపోతారని నూరేళ్ళుగా వాడు కన్ను మూయలేదు. తనకు లేని నిద్ర ఇంకొకరికి ఉంటే ఓర్వలేక లాక్కున్నాడు. వాడొక్కసారి నిద్రపోతే మంత్రం వదిలిపోతుంది."

జాగరాక్షుడి కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. చిలక పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "చిలకను చంపడానికి వచ్చావా?" అని గర్జించబోయాడు గానీ మధ్యలో ఆవులింత వచ్చేసింది.

"అబ్బే! ఏడు సముద్రాలు దాటాను, నడుం విరిగిపోతోంది. కాసేపు ఒరుగుతాను" అని రణధీరుడు బొంత పరిచి వాలిపోయాడు. "అమ్మయ్యా!" అని మూలిగాడు. ఆ మూలుగులో నటన ఏమీ లేదు.

మాంత్రికుడు వంగి చూశాడు. "మెత్తగా ఉందా?"

"నీకెందుకు, నువ్వేమన్నా పడుకునేవాడివా?"

"కొంచెం జరుగు. కళ్ళు మూయనులే, నడుం వాలుస్తానంతే. నువ్వు మాత్రం చిలకను..." అంటూనే గురక పెట్టాడు.

చిలక నీరసంగా అంది: "నా మెడ నులిమెయ్. నీకు గొప్ప పేరొస్తుంది."

"పేరెవరికి కావాలి? నిన్ను చంపితే పోలమ్మకు ఒక బేరం తగ్గుతుంది" అన్నాడు రణధీరుడు.

మంత్రం వదిలింది. రాజ్యమంతటికీ నిద్ర తిరిగి వచ్చింది, రణధీరుడి కళ్ళ మీదకూ వచ్చి కూర్చుంది. కానీ మాంత్రికుడు లేచేసరికి చిలక భద్రంగా కనబడకపోతే మళ్ళీ అందరి నిద్రా లాగేస్తాడు. అందుకని తొడ గిల్లుకుంటూ, మొహాన నీళ్ళు చల్లుకుంటూ మూడు రోజులు పంజరానికి కాపలా కాశాడు. పాపం, అంత కష్టం పగవాడికి కూడా వద్దు.

మూడో రోజు మాంత్రికుడు లేచి, పంజరం చూసి, పక్కనే కళ్ళు విచ్చుకుని కూర్చున్నవాణ్ణి చూసి, వలవలా ఏడ్చాడు. "నూరేళ్ళలో ఒక్కడు కూడా నా చిలకకు కాపలా ఉంటాననలేదు." ముక్కు తుడుచుకుని బొంత తడిమి చూశాడు. "ఒక్క ముడి గుచ్చుకోలేదే! ఎవరు కుట్టారు?"

రణధీరుడికి నోరు తిరగలేదు. "పోలమ్మ. అంగడి... చింతపండు..."

ఇద్దరూ మాంత్రికుడి చాప మీద గాలిలో వచ్చేసరికి నూరో రోజు పొద్దుటైంది. ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోతున్నారు. బండివాడు బండి కింద, కోమటి తూకం పక్కన, పోలమ్మ చేతిలో సూదితో. రణధీరుడు లేపితే పోలమ్మ కళ్ళు తెరిచింది, ఎదురుగా జాగరాక్షుడు పంజరం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ కెవ్వుమనలేదు. "బోణీ బేరం. అరువు లేదు, గీచి గీచి బేరమాడడం లేదు" అంది.

"రెండివ్వు. ఒకటి నాకు, చిన్నది చిలకకు" అని మాంత్రికుడు ఆవిడ చెప్పినంతా బుద్ధిగా ఇచ్చి పుచ్చుకుపోయాడు.

ఆ తర్వాత ఊరు లేచింది. కటిక నేల మీద నిద్రపోయారేమో, నడుములు పట్టేసి, మూలుగుతూ అందరూ బొంతల కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. తాబేలు చెప్పిందని పడవలవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నానికి కొట్టు ఖాళీ.

రణధీరుడు గుమ్మం పక్కనే కూలబడి ఉన్నాడు. "నీకొకటి ఉంచనైనా లేదయ్యా!" అని పోలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సగం కుట్టిన బొంత వాడికి కప్పి, రెండో కొస ఒళ్ళో వేసుకుని మిగతా సగం కుట్టసాగింది.

వాళ్ళ పెళ్ళికి పెట్టిన మూడు ముహూర్తాలు దాటిపోయాయి, పెళ్ళికొడుకు లేస్తేగా. నాలుగో ముహూర్తానికి ఇద్దరూ ఒకటయ్యారు. రాజ్యమేలడం నిద్ర చెడే పని అని అన్నలిద్దరూ తప్పుకుంటే రణధీరుడే రాజై నలభై ఏళ్ళు ఏలాడు. పోలమ్మ కొట్టు మాత్రం మానలేదు. సభ ముగిశాక రాజుగారు అక్కడికే వెళ్ళి, మెట్టు మీద కూర్చుని, ఆవిడ సూదులకు దారాలు ఎక్కించి ఇచ్చేవాడు.

"అలిసిపోయావా?" అని అడిగేదావిడ.

"అలిసిపోయాను."

"ఈ ఒక్క అంచూ అయ్యాక వెళ్దాం" అని పోలమ్మ కొంచెం జరిగి, తన పక్కన చోటిచ్చేది.