ముప్ఫై ఎనిమిది పేర్లు

పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. కంప్యూటర్‌లోంచి ఏది తీసేయాలన్నా ముందు దాని పేరు నోటుపుస్తకంలో చేత్తో రాసుకునేవారు. తర్వాత ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసంతా తిరిగి, ఇది మీరెవరైనా వాడుతున్నారా అని కనబడినవారినల్లా అడిగేవారు. అటెండరును కూడా వదిలేవారు కాదు. ఒక్కోసారి దీనికి నాలుగు రోజులు పట్టేది. విజయనగరంలోని ఆ చిన్న బ్రెయిలీ ప్రెస్సులో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న దమయంతికి ఇదంతా ఉత్త చాదస్తంగా తోచేది.

ఆ మాట పైకి అనేది కాదు. కానీ ఆ శుక్రవారం పొద్దున అనక తప్పలేదు. సోమవారం నుంచి అంధుల పాఠశాలలో పరీక్షలు. నలభై రెండు మంది పిల్లలకు ప్రశ్నపత్రాలు ఆ రోజే అచ్చు కావాలి, నాలుగింటికి వ్యాను వచ్చి పట్టుకుపోతుంది. తీరా చూస్తే కంప్యూటర్‌లో చోటు నిండిపోయి, ఫైలు తయారవడమే మానేసింది. అప్పటికి పది దాటింది.

చోటు ఎక్కడ పోయిందో ఆమెకు తెలుసు. ఏ ప్రోగ్రాం పెట్టుకున్నా అది ఒంటరిగా రాదు. తన పనికి కావలసిన చిన్నాపెద్దా సహాయక ప్రోగ్రాంలను, అంటే ప్యాకేజీలను, వెంటబెట్టుకుని వస్తుంది. తర్వాత ఆ ప్రోగ్రాంను తీసేసినా, వెంట వచ్చినవి అక్కడే ఉండిపోతాయి. పోయిన నెల ఒక పాత ప్రోగ్రాంను తీసేశారు. దాని బలగం ముప్ఫై ఎనిమిది ప్యాకేజీలు, పెళ్లి అయిపోయినా కదలని చుట్టాల్లా ఇంకా మకాం ఎత్తలేదు. ఇవి ఇప్పుడు దేనికీ అవసరం లేదని సిస్టమే జాబితా వేసి చూపిస్తోంది. ఒక్క ఆదేశం ఇస్తే అన్నీ పోతాయి. ఇంత తొందరలోనూ పరాంకుశంగారు కళ్లజోడు తుడుచుకుని, తీరిగ్గా మొదటి పేరు రాసుకుంటున్నారు.

“గురువుగారూ, వీటిని ఎవరూ వాడటం లేదని సిస్టమే చెబుతోంది కదా. ఇంక మనం ఎవరిని అడగాలి?”

ఆయన రెండో పేరు రాసుకున్నారు. ముప్ఫై ఎనిమిదో పేరు దాకా రాసి, పుస్తకం మూసి, కీబోర్డు ఆమె వైపు జరిపారు. నువ్వే తీసెయ్యమ్మా అన్నారు. తాను పక్కగదికి వెళ్లి నీలాద్రిగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నీలాద్రిగారు అక్కడ ప్రూఫులు దిద్దేవారు. పుట్టుకతో చూపు లేదు, ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు వేళ్లతోనే చదువుతున్నారు. ఈ ప్రశ్నపత్రాల ప్రూఫులు ఆయన బుధవారమే చూసేశారు కాబట్టి ఆ రోజు ఆయనకు అక్కడ పనేమీ లేదు. అయినా పరాంకుశంగారు ఆయన్ని అచ్చుయంత్రం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ తెప్పించారు.

దమయంతి ఆదేశం ఇచ్చింది. రెండు నిమిషాల్లో ముప్ఫై ఎనిమిదీ పోయాయి. బోలెడంత చోటు వచ్చింది, ఫైలు తయారైంది. పదకొండుంపావుకల్లా యంత్రం టకటకమని చుక్కలు పొడవడం మొదలుపెట్టింది. ఆమె ఒక కాగితం వెలుతురుకు ఎత్తి చూసింది. చుక్కలు చక్కగా, బారులు తీరి ఉన్నాయి. నాలుగు రోజుల పని రెండు నిమిషాల్లో అయిందని లోపల కొంచెం గర్వపడింది కూడా. దారికి అడ్డంగా కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి చెబుతున్న నీలాద్రిగారి మీద మాత్రం కాస్త విసుగు కలిగింది.

పన్నెండున్నరకు పంతొమ్మిది సెట్లు అయ్యాయి. ఊరికే కూర్చోవడం ఎందుకని నీలాద్రిగారు కట్టలు కడతానన్నారు. కాగితాలు సరిచేస్తూ అలవాటుకొద్దీ పై వరుస మీద వేళ్లు పోనిచ్చారు. వేళ్లు ఆగాయి. వెనక్కి వచ్చి మళ్లీ మొదటినుంచి వెళ్లాయి. ఇంకో కాగితం తీశారు, ఇంకోటి తీశారు.

“ఇదేటమ్మా, ఏ బాస? ఒక్క మాటా అందడం లేదు.”

దమయంతి పరుగున వచ్చింది. యంత్రం ఆపింది. తప్పు ఎక్కడుందో కంప్యూటర్‌లో వెతుక్కుంటూ పోయింది. ఆరేళ్ల కిందట అక్కడ పనిచేసి వెళ్లిపోయిన ఒకాయన నాలుగు వరుసల ఆదేశాలు సొంతంగా రాసిపెట్టాడు. తెలుగు అక్షరాలను బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్యాకేజీని పిలిచేది ఆ నాలుగు వరుసలే. ఆయన సొంతంగా రాసుకున్న ఆ సంగతి సిస్టమ్ లెక్కలో లేదు. పిలిస్తే ఆ ప్యాకేజీ పలకలేదు కాబట్టి, అక్షరాలు మారకుండానే యంత్రానికి వెళ్లిపోయాయి. యంత్రం తనకు తోచిన చుక్కలు పొడిచింది. కళ్లున్నవాళ్లకు ఆ చుక్కలూ ఈ చుక్కలూ ఒకటే.

కట్టలు వ్యాను ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆమె ఊహించుకుంది. నలభై రెండు మంది సోమవారం పొద్దున ఆ కాగితాలు తడుముకుంటూ కూర్చునేవారు. తప్పు తమ వేళ్లదేమోనని మళ్లీ మళ్లీ తడుముకునేవారు. అంతమంది పిల్లల్లో నోరు తెరిచి చెప్పే ధైర్యం ఎంతమందికి ఉండేదో ఆమెకు తెలియదు.

పరాంకుశంగారు నోటుపుస్తకం తెరిచి ముందు పెట్టారు. పొద్దున ఏ పుస్తకాన్ని చూసి విసుక్కుందో దాన్లోనే ఇరవై మూడో పేరు దొరికింది. ఆమె దాన్ని తిరిగి కంప్యూటర్‌లో పెట్టింది. మొదటి కాగితం రాగానే నీలాద్రిగారి చేతిలో పెట్టి నిలబడింది. ఆయన వేళ్లు ఈసారి ఆగలేదు.

“ఒకటి. ఖాళీలను పూరింపుము,” అని చదివి, తర్వాతి కాగితం కోసం చెయ్యి చాపారు.

అప్పటికి ఒంటిగంట. నలభై రెండు సెట్లూ మళ్లీ మొదటినుంచి కొట్టాలి. ఆమె అన్నం మాట మరిచిపోయి, గడియారాన్నీ యంత్రాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. ప్రతి సెట్టూ నీలాద్రిగారి వేళ్ల కింద నుంచే కట్టలోకి వెళ్లింది. ఆఖరి కట్ట ముడి వేసేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. వ్యాను వెళ్లిపోయాక గాని ఆమె కూర్చోలేదు.

కూర్చున్నాక ఆ ప్యాకేజీని మరొకదాని వెంట వచ్చినదిగా కాక, కోరి పెట్టుకున్నదిగా సిస్టమ్‌లో గుర్తు పెట్టింది. ఇక దాన్ని ఏ జాబితా బయటికి నెట్టలేదు. తర్వాత నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది. ఒక్క పేరు కొట్టేసినా ఇంకా ముప్ఫై ఏడు ఉన్నాయి.

“ఏది పోతే ఏమవుతుందో మీకు ముందే తెలుసా గురువుగారూ?”

నాకూ తెలియదమ్మా అన్నారాయన.

ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది. “మిగతావాటితో ఇబ్బంది లేదు కదండీ. సాయంత్రమైంది, ఎవరూ ఏమీ అనలేదు.”

పరాంకుశంగారు నీలాద్రిగారి భుజం మీద చెయ్యి వేసి, ఆయన్ని మెల్లగా లేవదీశారు.

“అనడానికి ఇవాళ ఈ గదిలో కూర్చున్నది ఈయనొక్కరే కదమ్మా.”