తవిటయ్య ఇంట్లో పీటల వరస

గెడ్డపేటలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే వేలు నేరుగా తవిటయ్య ఇంటివైపే తిరుగుతుంది. ఆ వేలు తవిటయ్యదే. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపిస్తాడు. వానొస్తే నూతిలో నీళ్ళు తడిసిపోతాయని నూతి మీద తాటాకులు కప్పించిన బుర్ర ఆయనది. ఆ తాటాకులు తడిసిపోతాయని గొడుగు పట్టుకుని నిలబడింది ఆయన పెళ్ళాం పారమ్మ. గొడుగు తడిసిపోతోందని లాక్కుపోయి, తుడిచి, పెట్టెలో దాచాడు కొడుకు కూర్మారావు. ముగ్గురూ ముగ్గురే.

ఆ ఇంటికి కోడలిగా వచ్చింది పైడమ్మ. పుట్టిల్లు వదిలేటప్పుడు వాళ్ళమ్మ, “అత్తారు చెప్పినట్టు విను తల్లీ” అంది. అంతే. ఆ పిల్ల వింటూనే ఉంది. ఆ పిల్లకున్న తెలివితక్కువతనమంతా అదొక్కటే.

ఆ ఇంట్లో గోడలకన్నా గట్టిది పీటల వరస. పొయ్యి దగ్గర్నించి గుమ్మం దాకా నాలుగు పీటలు. పొయ్యి పక్కది తవిటయ్యది, తర్వాతది కొడుకుది, తర్వాతది పారమ్మది, చెప్పుల దగ్గర ఉన్నది పైడమ్మది. ముందు పీట మీదున్నవాళ్ళు పెద్ద, వెనక పీట మీదున్నవాళ్ళు చిన్న. ఆ లెక్కన కూర్మారావు తల్లికన్నా పెద్దవాడు. పారమ్మ ఏనాడూ కాదనలేదు. ఒక పీట కడుపు నిండితేనే కుండ ఇంకో పీటకి జరిగేది. పైడమ్మ దాకా వచ్చేసరికి అందులో గరిటె చప్పుడే మిగిలేది. మాడు గోక్కుని, మజ్జిగ నీళ్ళు తాగి లేచేది. పప్పు ఎలా ఉంటుందో వాసనని బట్టి పోల్చుకునేది.

ఇలా ఉండగా పైడమ్మ నీళ్ళోసుకుంది. అంగన్‌వాడీ టీచరమ్మ సుభద్ర వచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని చూసి, “ఏం పారమ్మత్తా, ఈ పిల్లిప్పుడు ఒట్టి మనిషి కాదు. ఇద్దరి తిండి తినాలి” అని చెప్పి వెళ్ళింది.

“ఇద్దరంటే ఇద్దరికీ పీటలుండాలి కదే” అన్నాడు తవిటయ్య.

ఇంకేముంది. గుమ్మం అవతల, వసారాలో, అయిదో పీట వేశారు. దాని ముందు విస్తరేశారు. పైడమ్మకి దక్కే పిడికెడు మాడులో సగం తీసి ఆ విస్తట్లో పెట్టారు.

పైడమ్మ దానివైపు చూసి, “అత్తా, అది కూడా నేనే...” అంది.

“సిగ్గు లేదుటే, కన్నబిడ్డ నోటి దగ్గర కూడు తింటావా?” అంది పారమ్మ.

ఎంతసేపు చూసినా ఎవరూ వచ్చి తినలేదు. “కొత్త కదా, మన ముందు మొహమాటపడతన్నాడు. అందరూ అటు తిరగండి” అన్నాడు తవిటయ్య. అందరూ గోడవైపు తిరిగారు. ఎదురింటి కోడి వచ్చి శుభ్రంగా తినిపోయింది. ఇటు తిరిగి చూస్తే విస్తరి ఖాళీ.

“ఒక్క మెతుకు పారెయ్యలేదు. నా పోలికే” అన్నాడు కూర్మారావు, కళ్ళు తుడుచుకుంటూ.

రోజూ అదే వరస. కోడి బలిసింది, పైడమ్మ చిక్కింది.

సుభద్ర మళ్ళీ వచ్చింది. పైడమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. “ఒంట్లో రక్తం లేదు. ఇలాగైతే బిడ్డ పిట్టపిల్లలా పుడుతుంది, బతికించుకోడం కష్టం. ముందు ఈ పిల్లకి పెట్టండి. అన్నం, పప్పు, తోటకూర, గుడ్డు. ఆ తర్వాతే మీరు” అని గట్టిగా చెప్పింది.

బతికించుకోడం కష్టమన్న మాట పైడమ్మ చెవిలో ఉండిపోయింది. పొట్ట మీద చెయ్యేసుకుంది. లోపల ఏదో కదిలింది. ఆకలికేనేమో అనుకుంది.

తెలివైనవాళ్ళు ముగ్గురూ తలలు పట్టుకున్నారు. ముందు పెట్టాలంటే పొయ్యి పక్కనుండాలి. పొయ్యి పక్క తవిటయ్య ఉన్నాడు. “ఇందులో ఏముంది, పొయ్యిని పైడమ్మ దగ్గరికి జరిపితే సరి” అన్నాడు కూర్మారావు. గునపం తెచ్చాడు. మట్టి పొయ్యి జరగలేదు, మూడు ముక్కలైంది. అంతే. ఆ పూట అందరికీ అటుకులు. అటుకులు కూడా వరసలోనే పంచారు. పైడమ్మకి చేట దులిపారు.

ఆ చేట చూసేసరికి పైడమ్మ మొట్టమొదటిసారి తనూ ఒక ఆలోచన చెప్పింది. “మావా, పొయ్యి జరపక్కర్లేదు. పీటలు అటువి ఇటు, ఇటువి అటు మారిస్తే వరస వరసలాగే ఉంటుంది కదా.”

తవిటయ్య పీటల్ని అటునించి ఒకసారి, ఇటునించి ఒకసారి వేలితో లెక్కపెట్టాడు. “వరస తప్పట్లేదు కదా?”

“తప్పట్లేదు మావా. తిరుగుతోంది.”

“నా ఇంట్లో నీళ్ళు తాగి నీకూ తెలివొచ్చిందే” అని మెచ్చుకున్నాడు.

కొత్త పొయ్యి వేశారు, పీటలు మార్చారు. వసారాలోది గుమ్మం అవతలది కాబట్టి లెక్కలోకి రాలేదు, తీసేశారు. ఇప్పుడు పొయ్యి పక్క పైడమ్మ, గుమ్మం దగ్గర తవిటయ్య. పైడమ్మకి పొగలు కక్కే అన్నం పడింది, పప్పు పడింది, గుడ్డు పడింది. ఆ పిల్ల తల ఎత్తకుండా తింది. కుండ తవిటయ్య దగ్గరికొచ్చింది. లోపల గరిటె చప్పుడైంది.

“కుండకి చిల్లు పడిందేమో చూడవే” అన్నాడు తవిటయ్య.

“లేదు మావా. ఆ పీటకి ఎప్పుడూ ఇంతే” అంది పైడమ్మ.

ముందు పీట వాళ్ళు పెద్ద కాబట్టి తవిటయ్య పైడమ్మని అవ్వా అని పిలవసాగాడు. ఆఖరి పీట వాళ్ళు చిన్న కాబట్టి పారమ్మ మొగుణ్ణి నా చిట్టితండ్రీ అని చంకనేసుకోబోయి నడుం పట్టించుకుంది. పైడమ్మ బుగ్గలు మాత్రం నిండాయి. నెలలు నిండాక బొద్దుగా ఆడపిల్ల పుట్టింది.

సుభద్ర పిల్లని తూచి, సంతోషించి, “ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణానికి ఆరు నెలలు తల్లిపాలే. తేనె వద్దు, నీళ్ళు కూడా వద్దు” అంది.

ఇంకేముంది. పిల్లకి పీట వేశారు. పైడమ్మ తర్వాతి పీట కదా దానిది, వరస తిరిగింది కాబట్టి పైడమ్మకి ముందు వచ్చి పడింది, సరిగ్గా పొయ్యి పక్కన. అంటే ఇంటికి పెద్ద ఎవరు? పొత్తిళ్ళలో పిల్ల. పారమ్మ భక్తిగా వంగి, “అవ్వగారూ, ముందు తమరు” అని ఆవకాయ అన్నం ముద్ద కలిపి, ఎర్రగా, పిల్ల నోటి దాకా తెచ్చేసింది.

పైడమ్మ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగింది. చెయ్యి పట్టుకుంటే అత్తని ధిక్కరించినట్టు. ఊరుకుంటే పిల్ల దక్కదు. ఇంతలో పిల్ల కేరుమంది.

“అత్తా, ఆగు. ఇంటికి పెద్ద ఏదో చెప్తోంది” అంది పైడమ్మ.

పారమ్మ ముద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “ఏటంటున్నారు?”

పైడమ్మ పిల్ల నోటి దగ్గర చెవి పెట్టింది. “నాకు పళ్ళొచ్చేదాకా నా వంతు కూడా మా అమ్మే తినాలి, నాకు అమ్మ పాలు చాలు, అంటున్నారు.”

పెద్దల మాట కాదనడం ఆ ఇంట్లో లేదు. పైడమ్మ ఆ ముద్ద తింది. ఆ తర్వాత తన వంతూ తింది. టీచరమ్మ చెప్పిన ఇద్దరి తిండి ఆ పిల్లకి ఇన్నాళ్ళకి దక్కింది.

“మరి అందరికన్నా చిన్న ప్రాణం ఎవరు?” అన్నాడు కూర్మారావు. అందరూ గుమ్మం వైపు చూశారు. అక్కడ తవిటయ్య విస్తరి ముందేసుకుని కూర్చున్నాడు. పారమ్మ ఆ విస్తరి తీసేసింది.

“ఆరు నెలలా?” అన్నాడు తవిటయ్య నీరసంగా. “మా అమ్మ పోయి ఎన్నాళ్ళయిందే?”

మర్నాడు సుభద్ర వచ్చేసరికి పైడమ్మ అరుగు మీద కూర్చుని పిల్లకి పాలిస్తోంది. పశువుల పాకలో పెయ్య పక్కన, అదే గుంజకి, తవిటయ్యని కట్టేసి ఉంచారు.

“ఇదేమిటి పారమ్మత్తా?”

“మీరు చెప్పినట్టే, తల్లిపాలకి కట్టాం. ఈయన తల్లి పోయింది, అందుకని ఈ తల్లి” అంది పారమ్మ ఆవుని చూపించి.

“అయితే ఆ పెయ్య ఒక్కటే తాగుతోందేం?”

“పాకలోకి ముందొచ్చింది అది కదమ్మా. దానయ్యాకే ఈయన.”

పెయ్య చివరి చుక్క దాకా లాగి, మూతి నాక్కుని, తవిటయ్య వైపు చూసింది. తవిటయ్య నిట్టూర్చాడు.

“వరసని నేను తప్పు పట్టను టీచరమ్మా. కానీ దీనికి మీరో మాట చెప్పి వెళ్ళండి. ఇది ఒట్టి పెయ్యే. ఇద్దరి తిండి తినక్కర్లేదు.”