పలచబడ్డ ద్రాక్షరసం

గుడిలో ఆ బీరువా తలుపు చూస్తేనే ఓబేదు ముఖం తిప్పేసుకుంటున్నాడు.

పాస్టరు తీతు అయ్యగారి దగ్గర పరిచర్య నేర్చుకోవడానికి వచ్చినవాడు ఓబేదు. సరుగుడు తోటల అవతల సముద్రం, ఇవతల ఆ చిన్న గుడి. దాన్ని ఊడ్చి తుడిచి, నెలకోసారి అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకి అన్నీ సిద్ధం చేయడం అతని పని. బల్ల కోసం అయ్యగారి భార్య, అమ్మగారు, ఎండుద్రాక్షని పంచదారతో ఉడకబెట్టి, వడగట్టి, గాజు సీసాలో పోసి ఇచ్చేవారు. దాన్ని ఓబేదు గుడిలోని బీరువాలో పెట్టేవాడు.

పొద్దుటి ఎండ పడితే ఆ సీసాలో సూర్యుడు మునుగుతున్నట్టు ఉండేది. ఆ రంగుకే మనసు పోయింది ఓబేదుకి. ఒకరోజు మూత తీసి ఒక్క గుక్క తాగాడు. ఎంత తీపి! తగ్గిన మేర నీళ్ళు పోసి మూత పెట్టేశాడు. మర్నాడూ అంతే.

"ఇంకా ప్రార్థన చేయని రసమేగా, ఉత్త ద్రాక్ష నీళ్ళేగా" అనుకునేవాడు. పోనుపోను అలా అనుకోవడం కూడా మానేశాడు.

ఇప్పుడు సీసా చేత్తో పట్టుకుంటే అవతలి వేళ్ళు కనిపిస్తున్నాయి.

ఆ సాయంత్రం, మంచం పట్టిన ముసలి హెప్సిబమ్మ కోడలు ఏడుస్తూ వచ్చింది. "అయ్యగారూ, మా అత్త ఇంక దక్కదండీ. బల్ల తీసుకుని పోతానంటోంది."

అయ్యగారు చెప్పులు వేసుకున్నారు. "సీసా పట్టుకురా ఓబేదూ."

దారంతా ఇసుక కాళ్ళని వెనక్కి లాగింది. సరుగుడు చెట్లు తన గురించే ఏదో చెప్పుకుంటున్నట్టు ఊగాయి.

"అయ్యగారూ... చిన్న చిన్నవాటికి కూడా దేవుడు లెక్క అడుగుతాడాండీ?"

"ఏ చిన్నవాటికి?"

"అబ్బే, ఊరికే అడిగానండి."

అయ్యగారు ముందుకు నడిచారు.

నులకమంచం మీద ఎముకల గూడులా ఉంది హెప్సిబమ్మ. అయినా ఓబేదుని చూసి నవ్వింది. "ఏరా, చచ్చేది నేనైతే వణుకు నీకెందుకురా?"

"ఊరుకో అత్తా" అంది కోడలు.

అయ్యగారు రొట్టె విరిచి ఇచ్చారు. గిన్నెలోకి సీసా వంచారు. పలచటి గులాబీ రంగు నీళ్ళు జారాయి. పులిసిన వాసన గదంతా కమ్ముకుంది. అయ్యగారు గిన్నెలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఓబేదు వైపు మాత్రం చూడలేదు. గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"నువ్వివ్వు."

ముసలమ్మ కళ్ళు మూసుకుని, పిట్టపిల్లలా నోరు తెరిచింది. ఓబేదు వంగాడు. చెయ్యి కదల్లేదు.

"ఇది రసం కాదు మామ్మా. నేను తాగేశాను. రోజూ తాగి నీళ్ళు పోశాను."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓరి నీ దుంప తెగ" అంది హెప్సిబమ్మ, కళ్ళు తెరవకుండానే. "తొరగా ఏదోటి చూడండి అయ్యగారూ. ఎంతోసేపు ఉండలేను."

అయ్యగారు ఆ నీళ్ళు పెరట్లో పారబోసి వచ్చారు. "ఇంట్లో ద్రాక్ష ఉంది. ఉడికించి తెస్తాను."

"నేను పరిగెత్తుకెళ్తానండీ!"

"వద్దు. నువ్వు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చో."

వాచిన మోకాళ్ళతో ఆ ముసలాయన ఇసుకలో నడిచి వెళ్ళడం గుమ్మంలోంచి కనిపించింది. ఎంతకీ దూరం కాలేదు.

ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఊపిరి ఆగేది. ఓబేదు ఊపిరీ ఆగేది. మళ్ళీ ఎక్కడినుంచో వచ్చేది.

"మామ్మా, ఉన్నావా?"

"ఆఁ."

కాసేపటికి మళ్ళీ అడిగాడు. ఈసారి మాట రాలేదు. వేలు కొంచెం కదిలింది.

ప్రార్థన చేద్దామని పెదవి విప్పాడు. ఒక్క మాట రాలేదు. రోజూ తాగిన ఆ తీపి మాత్రం నాలుక మీదికి వచ్చి నిలబడింది. బయట సముద్రం హోరు పెరుగుతోంది, ఎవరో పెద్ద పెద్ద అడుగులు వేస్తూ ఇంటి మీదికి వస్తున్నట్టు.

"మామ్మా..."

ఇక వేలు కదల్లేదు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది.

అయ్యగారు రొప్పుతూ వచ్చారు. గోరువెచ్చని రసం ఆమె నోటికి అందించారు. పెదవులు ఎర్రగా తడిశాయి. కొంత చెంప మీదుగా దిండులోకి జారింది. గొంతు కదిలిందో లేదో ఓబేదుకి తెలియలేదు.

దీపం పెట్టే వేళకి ఆమె వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ సరుగుడు తోటల్లోకి వచ్చారు. ఓబేదు అడిగాడు.

"అయ్యగారూ, ఆమెకి అందిందంటారా?"

"ఆమె సంగతి ప్రభువు చూసుకుంటాడు."

అయ్యగారు ఆగారు. అతని తప్పు బయటపడ్డాక మొదటిసారి అతని ముఖంలోకి చూశారు.

"రేపు పొద్దున్న గుడిలో మళ్ళీ నిండు సీసా దగ్గర నువ్వొక్కడివే ఉంటావు. నా భయమల్లా అదే."