ఇంటికి పొమ్మనే దేవత

ఒసాకా నగరంలోని మినేకవా పేటలో, బట్టలుతికే దుకాణానికీ పళ్ల డాక్టరు గదికీ మధ్య సందులోకి తొంగి చూస్తే ఇనారి దేవత గుడి కనబడుతుంది. గుడి అనగానే గోపురాలు ఊహించుకోకండి. నాలుగు అంగలు వేస్తే అయిపోతుంది. రంగు వెలిసిన కర్ర తోరణం కింద తల వంచి లోపలికి పోవాలి. అటూ ఇటూ మెడలో ఎర్రగుడ్డలు కట్టుకున్న రాతి నక్కలు కూర్చుని ఉంటాయి. మనం అదృష్టవంతుణ్ణి చూసి నక్కను తొక్కి వచ్చాడంటాం. ఇక్కడివారు నక్కకు దండం పెడతారు, దేవత దూత కదా! ఈ అమ్మవారిని పేటవారు 'కాయెరే ఇనారి' అంటారు. కాయెరే అంటే ఇంటికి పో అని. వచ్చిన భక్తుణ్ణి పొమ్మనే దేవత ఏమిటని విస్తుపోయేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ ఓషిగె అనే వితంతువు టోఫు అనే సోయా జున్ను చేసి అమ్ముకుని బతికేది. ఆమెకు కియో అని ఆరేళ్ల కూతురు, ఉన్నది ఒక్కతే. ఒక చలికాలం కియోకు ఒళ్లు కాలిపోయే జ్వరం పట్టుకుంది. మూడోనాటికి వైద్యుడు పెదవి విరిచాడు. ఇక దిక్కు నూరు మొక్కులే. అప్పట్లో గుడి ముందు విశాలమైన ఆవరణ ఉండేది. వాకిట్లోని రాయి నుంచి దేవత దాకా వట్టికాళ్లతో నూరుసార్లు నడవాలి. నడిచిన ప్రతిసారీ చేతిలోని గడ్డిపోచల్లో ఒకటి రాతి దగ్గర వదలాలి. మధ్యలో నోరు విప్పినా, ఎవరు పలకరించినా మొక్కు మొదటికి వస్తుంది. పిల్లను పొరుగింటి ఓఫుజికీ, ఆమె అత్తగారికీ అప్పగించి, ఓషిగె పొద్దున్నే మంచులో నడక మొదలుపెట్టింది.

అరవయ్యొకటో మొక్కు దగ్గర ఓఫుజి రొప్పుకుంటూ వచ్చింది. ఓషిగె ఆమె ముఖం చూసింది. అయినా 'ఇంకెంత, ముప్పైతొమ్మిదే' అనుకుని, మాట్లాడవద్దని చెయ్యెత్తి కళ్లెర్ర చేసింది. ఓఫుజి పాపం చేతిగుడ్డ నోట్లో కుక్కుకుని అలాగే నిలబడిపోయింది. నూరో పోచ రాలగానే బావురుమంది.

"పద తల్లీ, పద! పిల్ల నిన్నే కలవరిస్తోంది!"

పరుగున వెళ్లేసరికి కియో ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, ప్రాణం లేదు. "చివరిదాకా గుమ్మం వైపే చూసిందమ్మా," అంది ముసలి అత్తగారు.

ఓషిగె గుడికి వచ్చి, "నీ కళ్లు కాలిపోనూ! నూరుసార్లు మొక్కితే ఇదా నువ్వు చేసింది?" అని శాపనార్థాలు పెట్టింది. చావు మైల పాటించే నలభైతొమ్మిది రోజులూ అటువైపు కన్నెత్తి చూడలేదు. అవి ముగిసిన మర్నాడు తెల్లవారుజామున ఇనారి దేవత కలలోకి వచ్చింది. తప్పు చేసినదానిలా తల వంచుకుని నిలబడింది.

"మొదటి మొక్కుకే విన్నానమ్మా. ఆయుష్షు పొయ్యడం నా చేతిలో లేదు. నిన్ను బిడ్డ దగ్గరికి పంపడం ఒక్కటే నా చేతనయ్యేది. అడుగడుగునా ఇంటికి పో, ఇంటికి పో అంటూనే ఉన్నాను. నువ్వు లెక్కలో పడి వినలేదు. ఇక్కడికి వచ్చేవారికి ఇక నా మాట నువ్వే చెప్పు."

కొన్నాళ్లకు పీపాలు చేసే జిన్‌పాచి, కొడుక్కి ప్రాణం మీదికి వచ్చిందని వట్టికాళ్లతో గుడికి వచ్చాడు. ఓషిగె అతనికి అడ్డం వెళ్లి గడ్డిపోచలు లాక్కుంది. చూసినవారు అపచారం అపచారమని చెవులు మూసుకున్నారు.

"ఒకసారి మొక్కావు కదా, చాలు. ఇంటికి పో నాయనా. మిగతా తొంభైతొమ్మిదీ నేను నడుస్తాను."

ఆ పిల్లవాడు బతికాడని కొందరంటారు, లేదని కొందరంటారు. తండ్రి ఒడిలో ఉన్నాడన్న మాట మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

ఆ ఆచారం నేటికీ తప్పలేదు. ఆసుపత్రి నుంచి ఆదరాబాదరాగా వచ్చినవారు ఒక్కసారి మొక్కుకుంటారు. గుడిలో ఎవరుంటే వారు గడ్డిపోచలు అందుకుని, కాయెరే, కాయెరే అని వారిని సాగనంపి, తొంభైతొమ్మిదీ తాము నడుస్తారు. ఈ దేవత ఆయుష్షు ఇస్తుందని పేటవారు చెప్పరు. తనవారి చేయి పట్టుకుని ఉండే భాగ్యం కలుగుతుందని మాత్రం చెబుతారు. ఇంటి దగ్గర ఎదురుచూసేవారు ఎవరూ మిగలనివారే ఎక్కువగా ఆ తొంభైతొమ్మిదీ నడుస్తుంటారు. వారిని మాత్రం ఎవరూ ఇంటికి పొమ్మనరు.